రత్నమణి టీచరు ఇరవై నిమిషాలు

నందిగామలో ప్రైవేటు స్కూలు పెట్టాలంటే ఏం కావాలి? ఒక మేడ, ఒక పసుపు బస్సు, గేటు మీద ఇంగ్లీషు పేరు. చదువంటారా, అది నిదానంగా చూసుకోవచ్చు. శ్రీమన్నారాయణ గారికి ఈ మూడూ అమిరాయి. సిమెంటు, ఇనుము హోల్‌సేలు కొట్టు సొంతానిది కాబట్టి గోడలకూ లోటు లేదు. ఆ గోడల మధ్య పంతొమ్మిదేళ్లుగా మూడో తరగతికి చెబుతోంది కీసర నుంచి రోజూ బస్సులో వచ్చే రత్నమణి టీచరు.

ఆవిడ నోరు మంచిది కాదని స్టాఫ్‌రూములో పేరు. ఆ మాట నిజమే. డీఎస్సీ రెండుసార్లు రాసి రెండుసార్లూ వెంట్రుకవాసిలో పోగొట్టుకుంది. బిట్లు బట్టీ కొట్టినవాళ్లు సర్కారు టీచరు ఉద్యోగాలు ఎగరేసుకుపోతుంటే చూసిన మనిషి. అప్పటినుంచి బట్టీ అంటే ఒళ్లు మంట. పక్క క్లాసులో ఎక్కాలు అరిపిస్తుంటే తలుపు దగ్గర నిలబడి, కోళ్లఫారం ఎప్పుడు పెట్టారండీ అని అడిగేది.

ఆవిడ తల్లి మిరపకోతలకు వెళ్లేది. కాయలు కోస్తూ ఆడవాళ్లు పొడుపుకథలు వేసుకోవడం మామూలే. ఆ తల్లి మాత్రం విప్పు లేనివి వేసేది. గుర్తులేని కల కన్నట్టా, కననట్టా అని అడిగేది. దానిమీద నాలుగు సాళ్లు అయిపోయేదాకా కొట్లాడుకునేవాళ్లు. ఇంతకీ విప్పేమిటే అని నిలదీస్తే, తెలిస్తే మిమ్మల్నెందుకు అడుగుతానని నవ్వేదట. రత్నమణికి అమ్మ నుంచి వచ్చిన ఆస్తి అదే.

దాన్ని తెచ్చి మూడో తరగతిలో పెట్టింది. పొద్దున హాజరు పిలిచాక ఇరవై నిమిషాలు, రోజుకొక ప్రశ్న. డస్టరు ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలి. టీచరు మాత్రం ఎవర్నీ కరెక్టు అనకూడదు. మిగతా రోజంతా సిలబస్సుకు ఊడిగం చేసేది ఆ ఇరవై నిమిషాల కోసమేనని ఆవిడే అనేది.

ఒకరోజు, దొంగిలించిన మామిడికాయ తియ్యగా ఉంటే అది మంచి కాయా, చెడ్డ కాయా అని అడిగింది. జెరూషా అనే పిల్ల లేచి, కాయకేం తెలుసు టీచర్, దాన్ని తిట్టకండి అంది. నాగసాయి డస్టరు లాక్కున్నాడు. తెలిసి తింటే నాకు చేదుగా ఉండాలి కదా, మరి తియ్యగా ఎందుకుంది అని వాడి బాధ. అంటే తప్పు నాలికదేనా అని వెనక బెంచీ వాళ్లు. ఇరవై నిమిషాలు ముప్పై అయ్యాయి. ఆ రోజు లెక్కల పీరియడు గంగలో కలిసింది, పోనీ.

అంతా బాగానే ఉండేది, నాగసాయి ఆ రోగాన్ని ఇంటికి పట్టుకుపోకపోతే. వాడి నాన్నకు బట్టల కొట్టు ఉంది. కొట్లో నువ్వు అబద్ధం చెబితే అది నువ్వు చెప్పినట్టా, కొట్టు చెప్పినట్టా అని అన్నం దగ్గర అడిగాడట. ఆయన మర్నాడు స్కూలుకొచ్చి కేకలేశాడు.

శ్రీమన్నారాయణ గారు ముందు కంగారుపడ్డారు. తర్వాత ఆయన బుర్రకు ఒక సంగతి తట్టింది. విజయవాడలో ఏదో పెద్ద స్కూలు కరపత్రంలో 'ఆలోచనా నైపుణ్యాలు' అని రంగుల్లో వేశారు. అదేదో మన దగ్గర ఊరికే పడి ఉందే! ఇంకేముంది, హైవే మీద ఫ్లెక్సీ లేచింది. వారం తిరక్కుండా యాభై ప్రశ్నలతో పుస్తకం అచ్చయింది. ప్రశ్నలు రత్నమణివి. వాటికి జవాబులు సిమెంటు కొట్టు గుమాస్తా రాశాడు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే బాపతు మనుషులు! పన్నెండో ప్రశ్న మామిడికాయ. జవాబు: 'చెడ్డ కాయ. దొంగతనము నేరము. కావున దొంగిలించిన ఫలమును భుజించరాదు.'

రత్నమణి ఆ పుస్తకం పట్టుకుని ఆఫీసు రూముకు వెళ్లింది. వీటికి జవాబులు ఉండవండీ, అందుకే అడుగుతా అని చెప్పింది.

"జవాబు లేని ప్రశ్న ఏంటమ్మా? మూడు వారాల్లో యాన్యువల్ డే, పేరెంట్లు వస్తారు. పిల్లలు నోళ్లు వెళ్లబెడితే నా పరువేం కాను?" అన్నారాయన. ఆగి, నెమ్మదిగా అన్నారు. "బాగా చెప్పించావా, ఆ ఇరవై నిమిషాలు ఎప్పటికీ నీవే. లేదంటే హ్యాండ్‌రైటింగ్‌కి ఇచ్చేస్తా."

పంతొమ్మిదేళ్లు అందరినీ దులిపిన నోరు ఆ పూట మూతపడింది. మూడు వారాలే కదా, ఇరవై నిమిషాలు దక్కుతాయి కదా అని సర్దిచెప్పుకుంది. ఎంతైనా తెలివైన మనిషి. తనను తాను మోసం చేసుకోవడానికి పెద్దగా కష్టపడలేదు.

మూడు వారాలు వల్లె వేయించింది. డస్టరు బోర్డు తుడవడానికే పనికొచ్చింది. మొదటివారం జెరూషా, కాయకేం తెలుసని మొన్న అనుకున్నాం కదా టీచర్ అని గుర్తుచేసింది. పుస్తకంలో ఉన్నది చెప్పు అంది రత్నమణి. ఆ పిల్ల ఇంకెప్పుడూ గుర్తుచేయలేదు.

యాన్యువల్ డే అద్భుతంగా జరిగింది. అతిథిగా వచ్చిన రిటైర్డ్ ఆఫీసరు పుస్తకం తెరిచి నంబరు చెప్పడం ఆలస్యం, పిల్లలు గడగడా అప్పజెప్పారు. పన్నెండో నంబరు జెరూషాది. ఒక్క అక్షరం పొల్లుపోకుండా, భుజించరాదు దాకా చెప్పింది. బట్టల కొట్టాయన అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఎందుకు కొట్టడు, అబద్ధాలు ఎవరి ఖాతాలోకి పోతాయో ఇంట్లో ఇక ఎవరూ అడగరు. శ్రీమన్నారాయణ గారు రత్నమణికి శాలువా కప్పి, ఇరవై నిమిషాలూ టీచరమ్మవేనని మైకులో ప్రకటించారు. ఆవిడకు నిజంగానే సంతోషం వేసింది.

సోమవారం పొద్దున హాజరు పిలిచింది. చీకి పారేసిన టెంక లాంటి ఆ పుస్తకాన్ని బీరువాలో పడేసి తాళం వేసింది. ఇక మనం మనమే అనుకుంది. కొత్త ప్రశ్న ఒకటి ఆదివారమంతా ఆలోచించి తెచ్చుకుంది.

"మనం నిద్రపోయినప్పుడు కూడా మనం మనమేనా?"

పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆలోచిస్తున్నారని ముచ్చటపడింది. డస్టరు జెరూషాకు అందించింది. ఆ పిల్ల దాన్ని అటూ ఇటూ తిప్పి బల్ల మీద పెట్టేసింది.

"ఇది ఎన్నో నంబరు టీచర్?"

"నంబరు లేదమ్మా. నీకేమనిపిస్తే అది చెప్పు."

నాగసాయి చెయ్యెత్తాడు. "అవుటాఫ్ సిలబస్ టీచర్."

ఎవరూ నవ్వలేదు. వాడు జోకు వేయలేదు మరి. తిట్టడానికి రత్నమణి నోరు తెరిచింది కానీ ఎవర్ని తిట్టాలి? శ్రీమన్నారాయణ గారు కొట్టుమనిషి, కొట్టుబుద్ధి చూపించారు. ఈ పిల్లల చేత అక్షరం అక్షరం వల్లె వేయించింది ఆయన కాదు.

మీరే చెప్పండర్రా అని బతిమాలింది. పుస్తకంలో లేదు కాబట్టి జవాబు టీచరే చెబుతుందని పిల్లలు అనుకున్నారు. నలభై నోటు పుస్తకాలు తెరుచుకున్నాయి. అందరూ ప్రశ్న రాసుకుని, దాని కింద 'జవాబు' అని రాసి, కింద గీత గీసి, పెన్సిళ్లు పట్టుకుని ఆవిడ వంక చూస్తూ కూర్చున్నారు.