చిట్టి పేరుతో చదివిన కథ

పదేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మంచి టీచరమ్మనని పేరు తెచ్చుకుని, శాలువాలు కప్పించుకుని, వాటి కిందే దాన్ని దాచాను. మా వారికి తెలీదు. మా అమ్మాయికి తెలీదు. మీరెవరో నాకు తెలీదు కాబట్టి మీకు చెబుతున్నాను.

ఆ పిల్ల అసలు పేరు రాయను. చిట్టి అనుకోండి. కోనసీమలో కాలవ గట్టు మీది మా చిన్న బడిలో ఒకటి, రెండు తరగతులు నా దగ్గరే చదివింది. చదివింది అనకూడదు, చివరి వరసలో కూర్చుంది. పిలిస్తే పలికేది కాదు. మొద్దు అన్నాను. ఒకసారి కాదు, రోజూ అన్నాను. పిల్లలూ ఆ పేరే పట్టుకున్నారు. నేను ఆపలేదు. వాళ్ళతో కలిసి నవ్వానేమో కూడా.

ఆ రెండో ఏడు చుట్టుపక్కల నాలుగు బడులను ఒక జట్టు చేశారు. వెనకబడ్డ పిల్లలకి కూడా చదవడం రావాలని. ఒక బడి టీచరు వారానికో రోజు ఇంకో బడికి వెళ్ళి అలాంటి పిల్లలతో కూర్చోవాలి. మా బడికి బుధవారాలు పక్కూరి నుంచి ఒకావిడ వచ్చేవారు. ఆవిణ్ణి పార్వతిగారు అందాం. వచ్చిన మొదటిరోజే, పావుగంట చిట్టితో కూర్చుని, నన్ను పక్కకి పిలిచి, పిల్లకి చెవులు సరిగ్గా వినపడటం లేదని మెల్లగా చెప్పారు.

రెండేళ్ళు నా ఎదుటే ఉంది కదా, నాకెందుకు తెలియలేదు? తెలుసుకోవాలనుకుంటే కదా తెలిసేది.

ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆవిణ్ణి అసహ్యించుకోవడానికి నాకో కారణం ఉండేది. లేకపోయినా అసహ్యించుకున్నాను.

బుధవారం వస్తే చాలు, చిట్టి గేటు దగ్గరే నిలబడేది. పార్వతిగారు దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, తన పెదాలు చూపిస్తూ, అక్షరం మీద వేలు పెట్టించి పలికించేవారు. శివరాత్రి దాటేసరికి పిల్ల మేకపిల్ల కథ కార్డు చదివింది. పరీక్షకి ముందురోజు నా ముందే చదివింది. ఒక్క తప్పు లేదు. కానీ చాలా మెల్లగా చదివింది.

పరీక్ష పద్ధతి ఇది. ఒక బడి రెండో తరగతి పిల్లలను వేరే బడి మాస్టారు వచ్చి చదివిస్తారు. కార్డుకి ఒక్క నిమిషం. నిమిషం దాటితే ఇంకా సాయం కావాలి అని రాస్తారు. ఆ రోజు బడికి రాని పిల్లకీ అదే రాస్తారు, కాబట్టి ఇంట్లో ఉంచేయడానికి లేదు. సాయం కావాలి అని రాస్తే పార్వతిగారు ఇంకో ఏడాది వస్తారు. నేను రెండేళ్ళలో చేయలేనిది ఆవిడ బుధవారాల్లో చేశారని ఊరంతా ఇంకో ఏడాది అనుకుంటుంది. అది భరించడం నా వల్ల కాలేదు.

వచ్చే మాస్టారికి మా పిల్లల మొహాలు తెలియవు. గడగడా చదివే మూడో తరగతి పిల్లని తెచ్చి రెండో తరగతిలో కూర్చోబెట్టాను. చిట్టి పేరు పిలిస్తే లేవమన్నాను. చిట్టిని వంటావిడ దగ్గరికి, తోటకూర ఒలవమని పంపించాను.

కానీ ఆ పిల్ల పెదాలు చదవడం నేర్చుకుందని మరిచిపోయాను. వంటపాక గుమ్మంలోంచి చూసి, తడి చేతులు గౌనుకి తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది. గది బయటే ఆపేశాను.

"నన్ను పిలిచేరండీ, టీచర్ గారండీ."

"నిన్ను కాదు."

"నా పేరేనండీ. ఆయన నోరు చూసేనండీ."

"నీ పేరే. చదివేది నువ్వు కాదు."

"నాకు కథ వచ్చండీ."

"నువ్వు చదివేసరికి తెల్లారిపోద్ది. పో."

లోపల చప్పట్లు కొట్టారు. అవి దానికి వినపడలేదు గానీ, కిటికీలోంచి చేతులు కనిపించాయి. కాసేపు చూసి అడిగింది.

"అయితే నేను చదివేసినట్టేనాండీ?"

"ఆయ్, చదివేసినట్టే" అన్నాను. వెక్కిరిస్తూనే అన్నాను. అది నమ్మలేదు. తల వంచుకుని తోటకూర దగ్గరికి వెళ్ళిపోయింది.

మాస్టారు చిట్టి పేరు పక్కన చదవగలదు అని రాసుకుని వెళ్ళారు. పార్వతిగారి బుధవారాలు ఇంకో బడికి మారిపోయాయి. ఆ సాయంత్రం ఆవిడ ఫోన్ చేసి సంతోషంతో ఏడ్చారు. అంతా మీ చలవేనండీ అన్నాను. ఈ మాత్రం నటన నాకెక్కడిది అని ఇప్పుడు ఆశ్చర్యపోతుంటాను. అప్పుడు మాత్రం ఫోన్ పెట్టేసి అన్నం తిన్నాను, హాయిగా.

తర్వాత చిట్టిని మళ్ళీ చివరి వరసకి పంపేశాను. ముందు కూర్చుంటే నా నోటికేసే చూసేది. ఆ చూపు నాకు పడలేదు. వేసవి సెలవులయ్యేసరికి వచ్చిన అక్షరాలు కూడా పోయాయి. నేను మళ్ళీ నేర్పగలిగేదాన్ని. ఎలా నేర్పాలో పార్వతిగారిని చూసి నాకూ తెలిసింది. నేర్పలేదు. అయిదో తరగతితో మానేసింది. ఇప్పుడు ఉప్పలగుప్తం వైపు రొయ్యల షెడ్డులో పని చేస్తోందని విన్నాను.

మొన్న అమలాపురం బస్టాండులో కనిపించింది. నేను గుర్తుపట్టేలోగా అదే నవ్వుతూ వచ్చి దణ్ణం పెట్టింది. తోడున్న అమ్మాయికి, మా టీచర్ గారు, నాకు చదువు చెప్పేరు అని చూపించింది. ఆ మాట ఎకసెక్కంగా అందేమోనని మొహమంతా వెతికాను. ఎక్కడా లేదు. తర్వాత ఎదురుగా ఆగి ఉన్న బస్సు చూపించి, అది మురమళ్ళ వెళుతుందా అని అడిగింది. అద్దం మీద జానెడేసి అక్షరాలతో ఊరి పేరు రాసి ఉంది. వెళుతుందన్నాను. అది చెవి నా వైపు తిప్పింది. ఇంకోసారి, గట్టిగా, పెదాలు బాగా కదిలించి చెప్పాను. ఆ పిల్లతో అలా మాట్లాడటం నాకదే మొదటిసారి. సంతోషంగా తలూపి ఎక్కేసింది.

పార్వతిగారి నంబరు నా ఫోన్‌లో ఉంది. చెయ్యను. ఆవిడ దగ్గర మిగిలిన ఆ సంతోషాన్ని కాపాడుతున్నానని నాకు నేను చెప్పుకుంటాను. నిజానికి కాపాడుకుంటున్నది నా పేరునే.

ఆ పిల్లకి చదువు వచ్చింది. వచ్చినదాన్ని నేను పోగొట్టాను, తెలిసి చేశాను. ఈ వాక్యం రాయడానికి పదేళ్ళు పట్టింది. రాశాక గుండె తేలికపడింది. చిట్టికి దీనివల్ల ఒరిగేదేమీ లేదని తెలుసు, కనీసం దీన్ని చదువుకోనైనా లేదు. అయినా నాకు తేలిగ్గానే ఉంది.