సలోమి సంతకం

మిర్చియార్డులో బస్తా అడుగుదాకా చెయ్యి పోనిచ్చి తడికాయను పట్టేసే గుమాస్తా యేసుపాదం కూతురు సలోమి. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే ముందు సంచి జిప్పు తడుముకునే రకం. లా పాసై, కంపెనీల వ్యవహారాలు చూసే పదకొండు లాయరు ఆఫీసులకి ట్రెయినీ ఉద్యోగం కోసం అర్జీలు పెడితే, ఇంటర్వ్యూకి పిలిచింది హైదరాబాదులో ఒక్కరే. అడిగినవన్నీ చెప్పింది. "తీసుకున్నాం, సంతకం పెట్టమ్మా" అని పెద్దలాయరు ఒప్పందం ముందుకు తోశాడు. ఆ పిల్ల చివరి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టింది.

"మామీద అనుమానమా?"

"పైకాయ ఎప్పుడూ ఎర్రగానే ఉంటుందండీ."

అడుగున దొరికింది. మూడేళ్లపాటు ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉంచాలట.

"ఇది తీసేస్తేనే చేరతానండీ" అంది, అక్కడ వేలు పెట్టి.

ఆయన మొహం ముడుచుకుని ఆ వాక్యం కొట్టేశాడు. "ఇప్పుడు పెడతావా?"

"కొట్టేసినచోట ముందు మీరు పెట్టండి సార్."