ఏలూరు మ్యాటినీకి వచ్చినవాళ్లు

కార్తీకమాసం రెండో ఆదివారం, మధ్యాహ్నం రెండుంబావుకి, ఏలూరులో ఆ సినిమా హాలు తలుపు నేనే మూశాను. అది నా పని కాదు. ఆ హాల్లో నాకు ఉద్యోగం లేదు. తాడేపల్లిగూడెంలో ఒక హాలు గేటు దగ్గర ముప్పై ఏళ్ల పైచిలుకు నిలబడినవాణ్ణి, బొమ్మ మొదలయ్యాక తలుపు తెరిచి ఉంటే నా చెయ్యి ఊరుకోదు. నేను పనిచేసిన హాలు ఇప్పుడు కల్యాణమండపం.

ఆ రోజు ఆడింది మా వీధి అమ్మాయి తీసిన సినిమా. ఆరుగురు ఇంటర్ పిల్లలు పిట్టల్ని చూడ్డానికి కొల్లేరు వెళతారు. చేపల చెరువు గట్టు మీద కాపలా పాకలో చిక్కుకుంటారు. మొహానికి వల చుట్టుకున్నవాడొకడు కత్తిపీట పట్టుకుని ఒక్కొక్కరినీ చంపుతాడు. అంతే కథ. వట్లూరు కాలేజీలో తనతో చదివినవాళ్లే వేషాలు వేశారు, వాళ్లే లైట్లు మోశారు. పాకలోకి వెళ్లేటప్పుడు హంతకుడి చొక్కా ఒక రంగు, బయటికి వచ్చేటప్పుడు ఇంకో రంగు.

శుక్రవారం విడుదలైంది. శనివారం పొద్దున్నే ఆ అమ్మాయి ఫోను పట్టుకుని నా గదికి వచ్చింది. అంతకు ముందు కొన్ని నెలలుగా వస్తూనే ఉంది. పాత రోజుల్లో జనం ఎక్కడ ఈల వేసేవాళ్లు, ఎక్కడ లేచి బీడీకి పోయేవాళ్లు అని అడిగేది. మా ఆవిడ పోయాక నా గదిలో రెండో టీ గ్లాసు కడిగానంటే ఆ అమ్మాయి వచ్చిందని అర్థం.

"జనం ఏమంటున్నారో చదవండి తాతగారూ," అని ఫోను నా చేతికిచ్చింది.

నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక, హాలు మూతపడ్డాక, రాత్రి బడిలో. అంతకు ముందు టికెట్టు రంగు చూసి మనిషిని లోపలికి పంపేవాణ్ణి. ఇప్పటికీ కూడబలుక్కునే చదువుతాను. తిట్టయినా మెప్పయినా నాకు మెల్లగానే అందుతుంది.

"హంతకుడెవరో ఇంటర్వెల్‌కి ముందే మా చెల్లి చెప్పేసింది. దానికి ఎనిమిదేళ్లు."

"అది రక్తమా, బీట్‌రూట్ రసమా? మా అమ్మ చేసేదే ఇంకా చిక్కగా ఉంటుంది."

"ఈ ఆరుగురూ బతికి ఎవర్ని ఉద్ధరిస్తారు? నా ఓటు హంతకుడికే."

"అద్భుతం! తెలుగులో ఇలాంటిది రాలేదు!" దీనికి ఐదు స్టార్లు.

"ఈ ఐదు స్టార్లాయన ఎవరమ్మా?"

"మా బాబాయండి." నవ్వబోయి మానేసింది. "పొగిడినవాళ్లంతా మావాళ్లేనండి. తిట్టినవాళ్లు సినిమా చూశారో లేదో తెలీదు. ట్రైలర్ చూసి కూడా రాసేస్తున్నారు. ఎవర్ని నమ్మనండీ?"

అప్పుడు అసలు సంగతి చెప్పింది. తణుకులో ఒక ఆఫీసులో వాళ్ల నాన్న ఉద్యోగం చూశాడు. సోమవారం చేరాలి.

"రేపు మీరు ఏలూరు రండి. గేటు దగ్గర నిలబడి విని చెప్పండి. ఫర్వాలేదంటే ఉద్యోగంలో చేరను. ఇంకోటి తీస్తాను."

"నా మాట మీద ఉద్యోగం మానేస్తావా? మతి ఉందా నీకు?"

"మీ మాట కాదండీ, జనం మాట. మీకు వినడం వచ్చు కదా."

అది నిజమే. నాకు వచ్చిన విద్య అదొక్కటే. బొమ్మ ఎలా ఉందని గేటు కాసేవాడు ఎవర్నీ అడగకూడదు. అడిగితే మొహమాటానికి బాగుందంటారు. ఆట వదిలే ముందు తలుపు తెరిచి, తల వంచుకుని నిలబడాలి. మెట్లు దిగేలోపు తిండి మాట వచ్చిందా, ఆ బొమ్మ వారం నిలవదు. సైకిల్ స్టాండు దాకా మాట్లాడకుండా పోయారంటే నిలుస్తుంది.

రైల్లో కూర్చున్నప్పుడు నా మనసులో ఉన్నది కూడా రాస్తాను, దాచడం దేనికి. తను తణుకు వెళ్లిపోతే నా గదికి వచ్చే మనిషి ఉండదు. బొమ్మ బాగుండాలని తన కోసం కాదు, నా కోసం కోరుకున్నాను.

హాలు దాదాపు ఖాళీ. ఆ అమ్మాయి లోపలికి రాలేదు, బయట వీధి అరుగు మీద కూర్చుంది. హంతకుడి వేషం వేసిన స్నేహితుడు మోటారు సైకిలు మీద ఏలూరు వచ్చి తన పక్కనే కూర్చున్నాడు. లోపల ముందు వరసలో ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు. మధ్యలో ఒక చేపల రైతు. షూటింగు జరిగింది ఆయన చెరువు మీదే. వెనక జంగారెడ్డిగూడెం బస్సుకి ఇంకా టైముందని వచ్చిన తల్లీ కూతురూ.

మొదటి సగం కుర్రాళ్లదే రాజ్యం.

"ఒరేయ్, పాకలోకెళ్లకండ్రా, అందులో సిగ్నల్ ఉండదు!"

"వెళ్లనీరా, త్వరగా చస్తే మనం త్వరగా పోవచ్చు."

తెర మీద మొదటి హత్య జరుగుతుంటే రైతు లేచి నిలబడి వేలు చూపించాడు. "అదిగోనండీ, గట్టు మీద ఆ నీళ్ల మోటారు నాదే!"

ఆఖర్లో ఒక పిల్ల మిగులుతుంది. కిక్కిస గడ్డిలో గొంతు లోతు నీళ్లలో దాక్కుంటుంది. చనిపోయిన స్నేహితుడి ఫోను దాని చేతిలో ఉంటుంది. వాడి అమ్మ ఫోను చేస్తూ ఉంటుంది. మోగితే హంతకుడికి వినపడుతుంది, అందుకని ఆ పిల్ల కట్ చేస్తుంది. ఆ తల్లి మళ్లీ చేస్తుంది. పాట లేదు, అరుపు లేదు. కుర్రాళ్ల నోళ్లు మూతపడ్డాయి.

నా వెనక ఎవరో "ఎత్తకే తల్లీ, ఎత్తకు" అన్నారు. చూస్తే హాలు ఊడ్చే ఆవిడ, చేతిలో చీపురు. రోజూ ఆఖరి పది నిమిషాలు చూసీ చూసీ విసుగెత్తిపోయి, ఊడ్చేవాళ్లు తెర వంక తలెత్తరు. నా ముప్పై ఏళ్లలో అలా నిలబడిపోయినవాళ్లను చూడలేదు.

ఆట వదిలారు. కుర్రాళ్లు రెండో మెట్టు మీదే "బిర్యానీకి పోదామా" అనుకున్నారు. రైతు "మోటారు బాగా పడిందండీ" అన్నాడు. ఆ తల్లి కూతుర్ని బస్సు టైమడిగింది. ఊడ్చే ఆవిడ మాత్రం చీపురు కింద పెట్టకుండా నన్ను అడిగింది: "ఆ పిల్లాడి అమ్మకి ఎవరు చెబుతారండీ ఇప్పుడు?"

నేను తప్పు చేసింది ఇక్కడే. మా హాలు యజమాని ఎప్పుడూ చెడ్డ మాటే ముందు చెప్పమనేవాడు. బొమ్మ పోయేటట్టుంటే ఆ పూటే ఇంకో బొమ్మకి ఫోను చేసుకోవాలి. మంచి మాట తీరిగ్గా వినేవాడు. ఆ అలవాటు నా ఎముకల్లో ఉండిపోయింది.

"మొదటి సగం దండగమ్మా," అన్నాను, బయటికి వచ్చి ఆ అమ్మాయితో. "భయపడాల్సిన చోట నవ్వారు. మెట్ల మీదే బిర్యానీ అన్నారు."

"చాలు తాతగారూ. అర్థమైంది," అంది. స్నేహితుడి బండెక్కింది.

ఆగమ్మా, ఇంకా ఉంది అని అరవచ్చు. నేను అరవలేదు. యజమాని అయితే "మిగతాది చెప్పరా" అనేవాడు. తనూ వెనక్కి తిరిగి అడుగుతుందని అక్కడే నిలబడ్డాను. బండి వెళ్లిపోయింది. రైల్లో ఒక్కణ్ణే వచ్చాను.

తను సోమవారం తణుకులో చేరింది. బుధవారం ఫోను చేసి ఊడ్చే ఆవిడ అన్నదంతా చెప్పాను. తను శ్రద్ధగానే వింది.

"నన్ను ఓదార్చడానికి చెబుతున్నారు కదండీ," అంది. "నిజమైతే ఆ రోజే చెప్పేవారు."

నా జన్మలో ఎవర్నీ ఓదార్చలేదని చెప్పాలనుకున్నాను. దానికి బదులు, అక్కడ భోజనం ఎలా ఉందని అడిగాను. బాగుందండీ అంది. తర్వాత తనూ చేయలేదు, నేనూ చేయలేదు.

సినిమాని ఆదివారం సాయంత్రమే తీసేశారు. ఫోన్లో మాత్రం జనం ఇంకా రాస్తూనే ఉన్నారు. నిన్న ఒకాయన రాసింది చదివాను: "ఏలూరు మ్యాటినీకి ఒక్క పురుగు కూడా రాలేదట." ఎవరు చెప్పారో మరి. ఆ వాక్యం మూడుసార్లు కూడబలుక్కున్నాను, తప్పు చదివానేమోనని. తప్పు చదవలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఆ అమ్మాయి నా మాట నమ్మకపోయినా, ఆ రోజు ఎవరున్నారో కాగితం మీద ఉండాలి.

ముందు వరసలో కాలేజీ కుర్రాళ్లు ఇద్దరు. చేపల రైతు. జంగారెడ్డిగూడెం బస్సుకి వెళ్లాల్సిన తల్లి, ఆవిడ కూతురు. పైన గదిలో బొమ్మ ఆడించే ఆపరేటరు. తలుపు పక్కన చీపురుతో హాలు ఊడ్చే ఆవిడ. బయట వీధి అరుగు మీద హంతకుడి వేషం వేసిన స్నేహితుడు, సినిమా తీసిన అమ్మాయి. లోపల తలుపు దగ్గర నేను.