మొదటి గుత్తి

కలువాయి నుంచి వచ్చే మా సహోద్యోగి విజయ, ఈ ఉదయం ఒక తెల్లద్రాక్ష గుత్తి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఒక పండు నోట్లో వేసుకున్నాను. తొక్క కాస్త వగరు, లోపలంతా తీపి. మస్తాన్‌బీ అవ్వ గుర్తొచ్చింది.

ఉదయగిరిలో మా పక్కిల్లు ఆమెది. భర్త చెక్క గరిటెలు చేసేవాడు. వాటిని అమ్మడానికి హైదరాబాదు వెళ్లి, ఒకసారి తడి గోనెలో చుట్టి అనాబెషాహి కొమ్మ పట్టుకొచ్చాడట. ఆ ద్రాక్ష అక్కడి తోటల నుంచే ఊళ్లకు పాకిందనీ, అంతకుముందు ఏ దేశానిదో ఎవరికీ తెలియదనీ చెప్పేవాడట. అవ్వకు ఆ చింతే లేదు. "యాడిదైతే ఏంది? మా ఇంటికొచ్చినాక మా బిడ్డే" అనేది.

ఆయన పోయాక, ఆ కొమ్మ అల్లుకున్న ద్రాక్ష పందిరే ఆమెకు తోడు. అయినా దసరా వెళ్లగానే కత్తి పట్టుకుని పచ్చటి తీగను మోడు చేసేసేది. పచ్చని చెట్టు మీద కత్తి పెడితే పాపమని మా ఇంట్లో నమ్మకం. చిన్నప్పుడు ఒకసారి ఏడుస్తూ ఆమె కొంగు పట్టి లాగాను.

"చంపేస్తుండావవ్వా!"

"కొయ్యకపోతే ఆకులే మిగల్తాయి పిచ్చిదానా. ఈ కొమ్మలు పట్టుకో, అడిగినోళ్లకియ్యి."

కొమ్మ తీసుకున్నవాళ్లకు ఒకటే షరతు: కాసిన మొదటి గుత్తి ఇచ్చినవాళ్లకు తెచ్చిపెట్టాలి.

ఉద్యోగానికి ఆత్మకూరు వచ్చేటప్పుడు నాకూ ఒక కొమ్మ ఇచ్చింది. నాటాను, పందిరి వేశాను, కత్తి పెట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఏళ్ల తరబడి పందిరి నిండా ఆకులే. ఈలోగా ఉదయగిరిలో బోర్లు ఎండిపోయి అవ్వ తీగ చచ్చిపోయింది. అప్పటినుంచి నేను వెళ్లినప్పుడల్లా ఆమె చూపు నా చేతిసంచి మీదే.

"కాసిందా మే?"

"ఇంకా లేదవ్వా."

"ఆయన తెచ్చిన పండు ఇంకొక్కసారి తినాలనుండాది. కొయ్యి మే, ఏం గాదు."

ఆ ఏడు గుండె రాయి చేసుకుని కోశాను. గుత్తులు దిగాయి. అవి ఇంకా పుల్లగా ఉండగానే అవ్వ పోయిందని కబురొచ్చింది. పండిన మొదటి గుత్తి ఎవరికివ్వాలో తోచక పందిరికే వదిలేస్తే పిట్టలు తినిపోయాయి. ఎన్ని కాపులు వచ్చినా ఆ వెలితి తీరలేదు.

తర్వాత విజయ కొమ్మ అడిగితే, అవ్వ షరతుతోనే ఇచ్చాను. ఇప్పుడామె నా ముఖంలోకి ఆశగా చూస్తూ నిలబడింది.

"మొదటి గుత్తి మేడం, మేమింకా నోట్లో పెట్టలా. ఎట్టుండాదో చెప్పండి."

"బాగుండాది మే" అన్నాను. అవ్వ నోట వినాలని నేను ఇన్నాళ్లూ తపించిన మాట అది.