మగ్గం మీద పడ్డ నింద

నా కుడి రొమ్ము కింద ఉండాల్సిన కండ పుట్టుకతోనే లేదు. పెద్దయ్యాక ఆ పక్క రొమ్మూ పెరగలేదు. గద్వాలలో మా బంధువులకు తెలియని విషయం ఉండదు కాబట్టి, నేను పుట్టిన వారానికే కారణం తేల్చేశారు. మా అమ్మ మీద ఆ తీర్పు మా మేనత్తది.

"కడుపుతోని ఉండి మగ్గం మీద కూసుంది. ముందటి కర్ర ఒత్తుకొని పిల్ల ఎద అణిగింది."

నెలలు నిండేదాకా అలాంటి మగ్గం మీదే కూర్చుని ఆవిడ ముగ్గురిని కన్నది. వాళ్ళకేమీ అణగలేదు, తెలివి తప్ప.

వనపర్తిలో ఒక మహానుభావుడు నూనె ఇచ్చి, ఏడాది రుద్దితే కండ వస్తుందన్నాడు. వచ్చింది, రుద్దిన అమ్మ చేతికి. నాకు పన్నెండేళ్ళ వయసులో అమ్మ మగ్గం దిగింది. పట్టు అంచు చీరలు నేసే మనిషి, పక్కన కూర్చుని నాన్న నేతకు నూలు కండెలు చుట్టడం మొదలుపెట్టింది. బంధువుల నోళ్ళే ఆమెను దింపాయని నాకు మంట. ఆ మంటతోనే ముప్పై ఐదేళ్ళ దాన్నయ్యాను.

ఈమధ్య దగ్గు తగ్గక నాగర్‌కర్నూల్‌లో ఎక్స్‌రే తీయించుకున్నాను. ఒక పక్క తేడాగా కనబడిందట.

"ఆపరేషన్ ఎప్పుడైంది మేడం?" అన్నాడు తీసినతను.

"దేవుడే చేసి పంపిండు" అన్నాను.

డాక్టరమ్మ మాత్రం చూడగానే పోలండ్ సిండ్రోమ్ అంది. చాలా అరుదట. గర్భం నిలిచిన ఆరో వారం ప్రాంతంలో ఆ పక్కకు నెత్తురు సరిగ్గా అందక ఇలా అవుతుందని వైద్యుల అంచనా. అప్పటికి బిడ్డ కందిగింజంత ఉంటుంది. కందిగింజను ఏ కర్ర ఒత్తుతుంది? తల్లి తప్పేమీ లేదని ఆమె రెండుసార్లు చెప్పింది.

ఆ రోజే బస్సెక్కి గద్వాల పోయాను. అమ్మకు అంతా చెప్పి, "ఇగ మగ్గమెక్కు అమ్మా. అత్త కూతలకు ఇన్నేండ్లు దిగి కూసున్నవ్" అన్నాను.

అమ్మ చేతిలో కండె ఆగింది.

"ఆమె మాటకు దిగేదాన్నయితే నువ్వు పుట్టినప్పుడే దిగకపోదునా బిడ్డా? అద్దం ముందట నిలవడి, నీ మగ్గమే నన్ను గిట్ల చేసిందని ఏడిస్తివి గద. గందుకే దిగిన."

ఆ మాట అన్నట్టు నాకు గుర్తే లేదు.