బూటులో దొరికిన నూనె సీసా

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. నా భర్తకు కూడా చెప్పలేదు. మోసి మోసి అలసిపోయాను. మీకు ఇప్పుడు రాయడానికి అంతకంటే గొప్ప కారణమేమీ లేదు.

మా పాపకు మూడేళ్లు. ఆయాసం. ఇప్పుడే నిద్రపోయింది. దాని పొట్ట ఎగసిపడుతుంటే శ్వాసలు లెక్కపెడతాను. లెక్క తప్పినప్పుడల్లా ఒక చిన్న ప్రార్థన నా నోట్లోకి వస్తుంది. గాలి పీల్చేటప్పుడు ‘ప్రభువా’, వదిలేటప్పుడు ‘తోడుండు’. పరిగెత్తేటప్పుడు నాలుగేసి అడుగులకు ఒక్కో మాట. నా స్నేహితురాలు సలోమి నేర్పింది. దాన్ని వాడుకునే హక్కు నాకుందా?

మార్కాపురంలో డిగ్రీ అయ్యాక మేమిద్దరం కానిస్టేబుల్ ఉద్యోగానికి ఫీజు కట్టాం. మొదటి రాత పరీక్ష ఇద్దరం పాసయ్యాం. ఇక మిగిలింది పదహారు వందల మీటర్ల పరుగు. తెల్లవారకముందే ఊరి నుంచి కాలేజీ గ్రౌండుకు పోయేవాళ్లం. చీకట్లో ఆ రోడ్డు మీద ఆడపిల్లను ఒంటరిగా ఎవరూ పంపరు. ఇద్దరం కాబట్టి పంపేవారు.

మొదటి వారం రెండో రౌండులోనే కూలబడ్డాను. సలోమి ఆగింది. ఉద్యోగానికి పోటీపడుతూ నాకోసం ఆగిన మనిషి ఆమె ఒక్కతే. మూడో నెలకల్లా నాలుగు రౌండ్లూ ఆగకుండా తిరిగాను. నా ఒళ్లు నా మాట వింటుందని మొదటిసారి తెలిసింది అక్కడే.

పరుగుకు రెండు నెలలుందనగా నా మోకాలు వాచింది. వాళ్ల చర్చికి తీసుకుపొమ్మని సలోమిని నేనే అడిగాను. మీ ఇంట్లో ఊరుకోరు, వద్దులే అంది సలోమి. మళ్లీ అడిగాను. మూడోసారి అడిగితే తీసుకుపోయింది. పాస్టరమ్మ మోకాలి మీద చేయి పెట్టి ప్రార్థన చేసి, చిన్న సీసాలో నూనె ఇచ్చింది. వాపు నూనెకు తగ్గిందో, విశ్రాంతికి తగ్గిందో నాకు తెలియదు. ఆ రేకుల షెడ్డులో అంతమంది నా పేరు పెట్టి ప్రార్థిస్తుంటే ఏడుపొచ్చింది. అది మాత్రం నిజం.

సీసాను పాత బూటులో దాచాను. బూట్లు ఎండలో పెడుతూ అమ్మ చూసింది. దాని మీద శిలువ బొమ్మ ఉంది.

“ఏంది పాపా ఇది? ఉరకను పోతాండావా, చర్చికి పోతాండావా?” అన్నాడు నాయన.

“ఉరికి ఉరికి అంత దూరం పోయింది గదా నీ బిడ్డ,” అని అమ్మ పొడిచింది.

“రేపటి నుంచి ఉరికేది బందు,” అని తేల్చేశాడు నాయన.

“నేను అడగలే నాయనా,” అన్నాను. “సలోమి ఇచ్చింది. వద్దన్నా బలవంతంగా తీసకపోయింది.”

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. భయపడ్డానా? భయపడ్డాను. కానీ భయం ఒక్కటే అయితే నోరు మూసుకుని ఉండేదాన్ని. ఆమె పేరు చెబితే నా పరుగు నాకు మిగులుతుందని ఆ కాసేపట్లోనే తోచింది. నమ్ముతారనీ తెలుసు. వాళ్లు మతం మారుస్తారని మా ఇళ్లలో ఎప్పుడూ అనుకునేదే. నేను కొత్తగా కల్పించాల్సిందేమీ లేకపోయింది.

నాయన, పెదనాయన కలిసి వాళ్లింటికి పోయారు. సలోమి నాన్న పలకల గనిలో పనిచేసేవాడు. చేతుల దుమ్మైనా కడుక్కోకుండా బయటికొచ్చి, అన్నీ నిలబడే విన్నాడట. మర్నాటి నుంచి ఆమెను గ్రౌండుకు పంపలేదు. నా వెనక మాత్రం నాయన బండి మీద వచ్చేవాడు. హెడ్‌లైటు నా ముందు రోడ్డంతా చూపించేది.

వారం తర్వాత కొళాయి దగ్గర ఎదురుపడింది.

“నేను పిలిచినానా నిన్ను?”

నేను వంగి నా బిందె కడుక్కోసాగాను.

“సరేలే. మోకాలికి నూనె మాత్రం ఆపబాక,” అని బిందె ఎత్తుకుని పోయింది.

పరుగులో నేను నెగ్గాను. నాలుగు రౌండ్లూ ఆమె ప్రార్థనే అనుకుంటూ. రెండు నెలలు కాలు కదపని సలోమి కొద్ది సెకన్ల తేడాతో తప్పింది. చివరి రాత పరీక్షలో నేనూ తప్పాను. అది శిక్ష అనుకుంటే హాయిగా ఉండేది. కాదు, సరిగ్గా చదవలేదు, అంతే.

పెళ్లయి గిద్దలూరు వచ్చాను. సలోమి మార్కాపురంలో బట్టల దుకాణంలో పనిచేస్తోంది. రోజంతా నిలబడే పని. పోయిన నెల పాపకు గౌను కొనడానికి పోతే కనిపించింది. పాప ఛాతీలో పిల్లికూతలు విని, దాని ఎదురొమ్ము మీద అరచేయి పెట్టి, పెదవులు కదిపింది. నేను నోరు తెరిచాను. దీంట్లో పెద్ద సైజు ఉందా అని అడిగాను.

దేవుడు క్షమిస్తాడని సలోమి అప్పట్లో అనేది. ముందు అడగాల్సింది దేవుణ్ని కాదని నాకు తెలుసు. రేపు నాయనకు ఫోన్ చేసి చెబుతానని మీకు మాటివ్వలేను. ఆమె ముందు నిలబడతాననీ చెప్పలేను. ఆ రోజు అనాల్సిన మాటను మాత్రం ఇక్కడ రాసి పడుకుంటాను.

నూనె నేనే అడిగి తెచ్చుకున్నా నాయనా. సలోమి వద్దనే అనింది.