గాలి దండగ

నంద్యాల కాలేజీలో మాకు సంగీతం చెప్పిన మాస్టారు గుర్తొస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. మాలో ఎవరు శ్రుతి తప్పినా ఠక్కున హార్మోనియం తిత్తి మూసేసి, "యాడికి పోతాండావ్ పాపా? నీకు గాలి దండగ" అనేవాడు.

తొంభైల చివర్లో ఆళ్లగడ్డ పద్యాల పోటీలో నాకు పక్కవాద్యం ఆయనే. మూడో పాదంలో నా గొంతు జీరపోగానే అంతమంది ముందూ తిత్తి మూసేశాడు. పంతం కొద్దీ హార్మోనియం లేకుండానే పద్యం పూర్తి చేశాను. జనం వన్స్‌మోర్ అని అరిచారు. ఆయన గబగబా తిత్తి తెరవబోతే, "గాలి దండగ సార్" అన్నాను.

మర్నాడు క్లాసులో మీసం దువ్వుకుంటూ అందరికీ చెప్పాడు: "పెట్టె లేకుండా పాడేది ఈ పాపకు నేనే నేర్పిచ్చినా."

ఆలోచిస్తే అది నిజమే. అందుకే ఆయన్ని ఇంకా క్షమించలేదు.